రెండో కుండ కొంటే బావిలో నీళ్లు పెరగవు

ప్రశ్న: నా దగ్గర 2010 నాటి బొలెరో క్యాంపర్, ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉంది. అక్టోబరు నుంచి మే దాకా నెలకు రెండుసార్లయినా ఇంటిల్లిపాదీ ఏజెన్సీ వైపు వెళ్తాం. ఈమధ్యే 40 లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్ కొన్నాను. కిందటి నెల మారేడుమిల్లి దగ్గర తెలిసినవారి జీడిమామిడి తోటలో సాయంత్రం నాలుగింటికి బండి ఆపాం. ఫ్రిజ్, రెండు ఎల్‌ఈడీ లైట్లు, చిన్న ఫ్యాను నడిచాయి. ఉదయం ఏడింటికి తాళం తిప్పితే సెల్ఫ్ టిక్కుటిక్కుమంది తప్ప తిరగలేదు. నలుగురు తోస్తే కదిలింది. బ్యాటరీ 75 ఆంపియర్ అవర్లది, వయసు మూడేళ్లు. మా మెకానిక్ లారీకి ఉన్నట్టే రెండు బ్యాటరీలు కలిపేద్దామంటున్నాడు. ఇంట్లో ఇన్వర్టర్ తాలూకు 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీ ఖాళీగా ఉంది, అది పెట్టుకోవచ్చా? లిథియం మంచిదంటున్నారు, పాత బండికి పనికొస్తుందా? ముందు ముందు వించ్ (బురదలో దిగబడిన బండిని తాడుతో లాగే మోటారు) కూడా పెట్టించాలని ఉంది. ఏం చేయమంటారు?
ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

సమాధానం: మీ మెకానిక్ మాటతోనే మొదలుపెడతాను. బండి కాలిపోయే ప్రమాదం ఉన్నది అక్కడే.

లారీకి రెండు బ్యాటరీలు ఉంటాయన్నది నిజమే. కానీ అవి సిరీస్‌లో ఉంటాయి. ఒకదాని ప్లస్ రెండోదాని మైనస్‌కు కలిసి, రెండూ చేరి 24 వోల్టులు ఇస్తాయి. లారీలో సెల్ఫ్ మోటారు మొదలు వెనుక లైటు దాకా అన్నీ 24 వోల్టులకు తయారైనవే. మీ బండి 12 వోల్టులది. చేతి అలవాటు కొద్దీ ఎవరైనా లారీ పద్ధతిలో కలిపారంటే, తాళం తిప్పిన క్షణంలో మీటర్ల నుంచి ఫ్రిజ్ దాకా ఏవి మిగులుతాయో చెప్పలేం. మీ మెకానిక్‌ను తక్కువ చేయడం లేదు, బహుశా ఆయన మనసులో ఉన్నది ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలపడమే కావచ్చు. పనికి ముందు ఆ ఒక్క మాట అడిగి ఖాయం చేసుకోండి.

ప్లస్‌కు ప్లస్ కలిపితే వోల్టేజీ 12గానే ఉంటుంది కాబట్టి ప్రమాదం తప్పుతుంది. సమస్య మాత్రం తప్పదు. శాశ్వతంగా కలిపి ఉంచిన రెండు బ్యాటరీలు ఒకే బ్యాటరీ కింద లెక్క. రాత్రంతా ఫ్రిజ్ రెండింటినీ కలిపి తాగేస్తుంది, తెల్లవారేసరికి రెండూ కలిసే చేతులెత్తేస్తాయి. పైగా మూడేళ్ల పాతదాని పక్కన కొత్తదాన్ని కడితే పాతదాని బలహీనత కొత్తదానికి అంటుకుంటుంది. రెండో బ్యాటరీ పెట్టడంలో అసలు ఉద్దేశం బలం పెంచుకోవడం కాదు, వేరు కాపురం పెట్టించడం. ఒకటి ఇంజను స్టార్ట్ చేయడానికే ఉండాలి, దాన్ని ఫ్రిజ్ ముట్టుకోకూడదు. రెండోది ఫ్రిజ్‌కు, లైట్లకు. అది పూర్తిగా ఖాళీ అయినా మీరు ఇంటికి చేరగలగాలి.

ఇక ఆ రాత్రి ఏం జరిగిందో లెక్క చూద్దాం. మీ సైజు ఫ్రిజ్ కంప్రెసర్ నడిచేటప్పుడు సుమారు 4 ఆంపియర్లు తీసుకుంటుంది. మన వాతావరణంలో అది దాదాపు సగం సమయం నడుస్తుంది కాబట్టి సగటున 2 ఆంపియర్లనుకోండి. నాలుగింటి నుంచి ఏడింటి దాకా పదిహేను గంటలు, అంటే 30 ఆంపియర్ అవర్లు. వాట్లను 12 వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. లైట్లు పది వాట్లవి రెండు, ఐదు గంటలు వెలిగితే 8. ఫ్యాను పదిహేను వాట్లది రాత్రి ఎనిమిది గంటలు తిరిగితే 10. ఫోన్లకు ఓ మూడు. మొత్తం 50 దాటింది. మీ బ్యాటరీ మీద 75 అని రాసి ఉన్నా, మూడేళ్లు బానెట్ కింద ఉడికాక దానిలో 50, 55 మిగిలి ఉంటే గొప్ప. సెల్ఫ్ తిరగకపోవడంలో వింతేమీ లేదు.

అసలు ఆ బ్యాటరీ పుట్టిందే వేరే పనికి. స్టార్టింగ్ బ్యాటరీలో పలకలు పల్చగా, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. మూడు నాలుగు సెకన్ల పాటు వందల ఆంపియర్లు ఒక్కసారిగా విసరడానికి ఆ ఏర్పాటు. వెంటనే డైనమో దాన్ని తిరిగి నింపేస్తుంది. దాన్ని రాత్రంతా నెమ్మదిగా పిండి మళ్లీ నింపడం మొదలుపెడితే పల్చటి పలకల మీది పదార్థం రాలిపోతుంది, ఏడాది తిరగకముందే చచ్చిపోతుంది. రాత్రంతా లాగే పనికి మందపాటి పలకలున్న డీప్ సైకిల్ రకం కావాలి. అదీ లెడ్ యాసిడ్‌దే, అంటే సీసం పలకలు, యాసిడ్ ఉండే మామూలు రకమే అయితే సగానికి మించి ఖాళీ చేయకుండా వాడుకోవాలి. 100 ఆంపియర్ అవర్లది కొంటే చేతికి వచ్చేది 50. మీ ఒక్క రాత్రికి సరిగ్గా సరిపోతుంది, మిగలదు.

ఇన్వర్టర్ ట్యూబులర్ బ్యాటరీ గురించి ఎంతోమంది అడుగుతుంటారు. ఆలోచన తప్పు కాదు, అదీ డీప్ సైకిల్ రకమే. కాకపోతే అది ఇంట్లో మూల కదలకుండా నిలబడటానికి తయారైంది. బరువు యాభై కిలోలకు పైమాట, ఎత్తు ఎక్కువ, లోపల యాసిడ్ నీళ్లలా కదులుతుంది. గుడిసె కొండెక్కే దారిలో బండి పడే కుదుపులకు ఆ యాసిడ్ మూతల్లోంచి చిమ్మితే కిందనున్న రేకును తినేస్తుంది. చార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది కాబట్టి క్యాబిన్‌లో పెట్టే మాటే లేదు. ఎత్తైన బరువు వెనుక ఎక్కడో ఊగుతుంటే పక్కవాలు మీద బండి స్వభావమే మారిపోతుంది. దాన్ని ఇంట్లోనే ఉండనివ్వండి, కరెంటు పోయినప్పుడు మీ ఇంట్లోవాళ్లు మిమ్మల్ని తిట్టుకోకుండా ఉంటారు.

ఏ బ్యాటరీ కొనాలన్న ప్రశ్నకు ముందు ఇంకో ప్రశ్న ఉంది. దాన్ని నింపేదెవరు? రెండో కుండ కొన్నంత మాత్రాన బావిలో నీళ్లు పెరగవు. మీ బావి డైనమో. పుస్తకాల్లో ఆల్టర్నేటర్ అంటారు గానీ, షెడ్డులో ఇప్పటికీ డైనమోనే. దాని మీదున్న చిన్న పలక తుడిచి ఎన్ని ఆంపియర్లో చదవండి. ఆ అంకె కూడా చల్లగా, వేగంగా తిరిగేటప్పటిది. ఐడిల్‌లో, వేడెక్కినప్పుడు అంత ఇవ్వదు. ఉన్నదాంట్లోంచి హెడ్‌లైట్లకు పది ఆంపియర్లు పోతాయి, బ్లోయరుకు, హారనుకు కొంత. మిగిలిందే మీ రెండో బ్యాటరీకి.

కాబట్టి రూపాయి ఖర్చు పెట్టకముందు ఒక మల్టీమీటరు తీసుకుని ఒక ఉదయం బండి దగ్గర కూర్చోండి. రాత్రంతా ఆగి ఉన్న బండిలో బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం, 12కు దిగువన అంటే అడుగంటినట్టు. ఇంజను నడుస్తూ లైట్లు వేసి ఉండగా 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. ఆ తరవాతి పరీక్షను చాలామంది వదిలేస్తారు. మీటరు ఒక కొస బ్యాటరీ మైనస్ మీద, రెండో కొస ఇంజను ఇనుము మీద పెట్టి, ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. 0.2 వోల్టులకు మించి చూపితే బ్యాటరీ మైనస్‌ను ఇంజనుకు కలిపే ఎర్త్ పట్టీ తుప్పు పట్టినట్టే. పదిహేనేళ్ల బండిలో ఇది మామూలు విషయం. ఎన్నో బండ్లలో నేరం ఆ అల్లిక పట్టీది, శిక్ష బ్యాటరీకి. పట్టీ మార్చి, తగిలే చోట రంగు గీకి, నట్టు బిగిస్తే పాత బ్యాటరీకే ప్రాణం లేచొచ్చిన సందర్భాలు చూశాను. మీ విషయంలో ఫ్రిజ్ లెక్క స్పష్టంగా ఉంది కాబట్టి అంతటితో పని తీరదు, అయినా ఆ పరీక్ష మానకండి.

ఇప్పుడు రెండింటినీ విడదీసే ఏర్పాటు. పూర్వం చేత్తో తిప్పే పెద్ద స్విచ్చి ఉండేది. బాగానే పనిచేసేది, తిప్పడం మరిచిపోనంత వరకు. కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్ పెట్టే పద్ధతీ ఉంది. అది దారిలోనే అర వోల్టుకు పైగా మింగేస్తుంది, రెండో బ్యాటరీ ఎప్పటికీ నిండదు, దాని జోలికి పోవద్దు. ఇప్పుడు ఎక్కువమంది వాడేది వోల్టేజీని చూసి తనంతట తాను కలిసే రిలే, వీఎస్ఆర్ అంటారు. ఇంజను నడిచి వోల్టేజీ 13.3 దాకా వస్తే రెండు బ్యాటరీలను కలుపుతుంది, ఇంజను ఆగి 12.8కి దిగితే విడదీస్తుంది. అంతకన్నా చదువుకున్నది డీసీ-డీసీ చార్జరు. డైనమో ఇచ్చేది తీసుకుని, రెండో బ్యాటరీకి ఎంత వోల్టేజీ కావాలో అంత తయారుచేసి, తనకు నిర్ణయించిన ఆంపియర్లకు మించకుండా ఇస్తుంది.

ఇక్కడ మీ బండి పాతది కావడం మీకే లాభం. కొత్త బండ్లు చాలావాటిలో డీజిల్ ఆదా కోసం కంప్యూటరే డైనమో వోల్టేజీని తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. వాటిలో వీఎస్ఆర్ ఎప్పుడు కలవాలో, ఎప్పుడు విడిపోవాలో తెలియక తికమకపడుతుంది. మీ బండికి ఆ తెలివి లేదు. నడిచినంతసేపూ స్థిరంగా 14 దగ్గర ఇస్తుంది. లెడ్ యాసిడ్ పెట్టుకునేట్టయితే మీకు వీఎస్ఆర్ చాలు.

లిథియం అయితే చాలదు. లిథియంలో బండికి తగినది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. ఒక్కోటి 3.2 వోల్టుల సెల్లులు నాలుగు కలిపి 12.8 అవుతుంది. దీని మంచి గుణాలన్నీ నిజమే. 100 ఆంపియర్ అవర్లది పన్నెండు కిలోలకు అటూ ఇటూ తూగుతుంది, లెడ్ యాసిడ్‌లో అదే 25 నుంచి 30. అందులో 80, 90 నిశ్చింతగా వాడుకోవచ్చు. వేలసార్లు నింపి ఖాళీ చేయవచ్చు, లెడ్ యాసిడ్‌కు వందల్లోనే లెక్క. కానీ దీనికి ఆకలి ఎక్కువ. లెడ్ యాసిడ్ నిండుతున్న కొద్దీ కరెంటు తీసుకోవడం తగ్గిస్తుంది. లిథియం దాదాపు నిండేదాకా ఎంత ఇస్తే అంత లాగేస్తుంది. నేరుగా డైనమోకు కలిపితే, ఎన్నడూ పూర్తి బరువు మోయని పాత డైనమో గంటసేపు పూర్తి బరువు మోస్తూ ఘాట్ రోడ్డులో కాలి ఊరుకుంటుంది. లిథియం లోపలి రక్షణ సర్క్యూటు ఏ కారణంగానో హఠాత్తుగా తెగితే ఆ క్షణం లేచే వోల్టేజీకి డైనమోలోని డయోడ్లు పోతాయి. మరో చిక్కు. నిండిన లిథియం ఏ పనీ చేయకుండానే 13.3 దగ్గర నిలబడుతుంది. వీఎస్ఆర్ దాన్ని చూసి ఇంజను నడుస్తోందనుకుంటుంది, విడదీయదు. మీరు విడదీయడానికి పెట్టిన పరికరమే రెండింటినీ కలిపి ఉంచుతుంది. అందుకే లిథియం అంటే డీసీ-డీసీ చార్జరు తప్పనిసరి.

మీరు నెలకు రెండుసార్లు, ఏడాదిలో ఎనిమిది నెలలు వెళ్తున్నారు కాబట్టి నా ఓటు దానికే. 100 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్, 20 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జరు. మర్నాడు రెండున్నర మూడు గంటల ప్రయాణంలో మీ రాత్రి ఖర్చంతా తిరిగి చేరుతుంది. పాత డైనమో మీద 20కి చార్జరు తనకు తినేది కొంత కలిపినా మోయగలిగే బరువే. ఖర్చు మొదట్లో బాగా ఎక్కువ, దాచను. అంత ఇప్పుడు పెట్టలేకపోతే మూసి ఉండే డీప్ సైకిల్ లెడ్ యాసిడ్ ఒకటి, మంచి వీఎస్ఆర్ ఒకటి పెట్టుకోండి. సంవత్సరాల తరబడి అలాగే తిరిగినవాళ్లం ఎందరమో ఉన్నాం. చవకగా వస్తుందని పాత ఎలక్ట్రిక్ బండ్ల సెల్లులతో ఎవరో ఇంట్లో కట్టిచ్చిన లిథియం మాత్రం కొనకండి. పిల్లలు కూర్చునే బండి అది. చలికాలంలో లంబసింగి వెళ్తే ఒక్క జాగ్రత్త. ఉష్ణోగ్రత సున్నాకు దిగిన రోజున ఎండ వచ్చేదాకా లిథియంను చార్జ్ చేయకూడదు. వాడుకోవచ్చు, నింపకూడదు.

ఇంజను బ్యాటరీకి ఆర్భాటం అక్కర్లేదు. బండి పుస్తకంలో చెప్పిన సైజులో మామూలు స్టార్టింగ్ బ్యాటరీయే పెట్టండి. ఏ కంపెనీ అని మీరు అడగలేదు గానీ అడిగినా పేరు చెప్పను. తిరుపతి పక్కన కరకంబాడిలో తయారై దేశమంతా తిరిగే బ్యాటరీలున్న రాష్ట్రం మనది, ఎంపికకు కొదవలేదు. పేరుకన్నా తయారీ తేదీ ముఖ్యం. లెడ్ యాసిడ్ బ్యాటరీ దుకాణం అరలో ఊరికే కూర్చున్నా అరుగుతుంది. మూడు నెలలకు మించి పాతదైతే ఇంకోటి చూపించమనండి. వారంటీలో ఉచితంగా మార్చే కాలమెంత, ధరలో కొంత తగ్గించి ఇచ్చే కాలమెంత అన్నది విడివిడిగా రాయించుకోండి. పాతది ఇచ్చేస్తే ధర తగ్గుతుంది, ఊరికే వదిలేయకండి.

రెండో బ్యాటరీని బానెట్ కింద ఇరికించాలని చూడకండి. లెడ్ యాసిడ్‌కు వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగమవుతుందని పాత లెక్క. రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం బయటే 45 డిగ్రీలంటే ఇంజను పక్కన ఎంతో ఊహించండి. లిథియంకైతే అక్కడ అసలు చోటే లేదు. క్యాంపర్‌కు వెనుక తొట్టె ఉండటం మీ అదృష్టం. క్యాబిన్ గోడకు ఆనించి ఒక ఇనుప పెట్టె చేయించి, పట్టీతో కదలకుండా బిగించండి. ఎండ తగలకుండా, గాలి ఆడేలా ఉండాలి.

తొట్టెలో పెడితే తీగ పొడవవుతుంది. జనం డబ్బు మిగుల్చుకోబోయి పని చెడగొట్టుకునేది ఇక్కడే. ముందు నుంచి వెనక్కి ఐదు మీటర్లు, తిరుగు తీగ మరో ఐదు, మొత్తం పది మీటర్లు. ఇంటి వైరింగులో వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే 25 ఆంపియర్ల దగ్గర ఆ తీగే 1.75 వోల్టులు తినేస్తుంది. డైనమో 14.2 పంపితే వెనక్కి చేరేది 12.45. దానితో ఏ బ్యాటరీ నిండదు. పైగా తీగ వేడెక్కుతుంది. అదే 16 చదరపు మిల్లీమీటర్లదైతే పోయేది పావు వోల్టుకు కాస్త ఎక్కువ, డీసీ-డీసీ చార్జరు ఉంటే అది లెక్కలోకి రాదు. వీఎస్ఆర్ పెట్టేట్టయితే ఇంకా మందంగా, 25 కానీ 35 కానీ వేయండి, ఎందుకంటే అది పోయినదాన్ని పూడ్చలేదు. వెల్డింగ్ కేబులు దొరుకుతుంది, మెత్తగా వంగుతుంది, బాగానే ఉంటుంది. తీగ కొసలకు తొడిగే లగ్గులు మాత్రం సుత్తితో కొట్టించకండి, ప్రెస్ ఉన్నచోట నొక్కించండి.

ఫ్యూజు సంగతి నా ఒంటి మీద నేర్చుకున్నాను. చాలా ఏళ్ల క్రితం మా పాత జీపులో రెండో బ్యాటరీకి నేనే తీగ లాగాను. ఫ్యూజు ఒక్కటే, అదీ వెనుక బ్యాటరీ దగ్గర పెట్టాను. శ్రీశైలం ఘాట్‌లో తీగ ఛాసిస్ అంచుకు ఒరుసుకుని తొక్క ఊడింది. వెనుక ఫ్యూజు తన పని చేసి తెగిపోయింది. ముందు బ్యాటరీ నుంచి మాత్రం కరెంటు ఆగకుండా ఛాసిస్‌లోకి పారుతూనే ఉంది. బానెట్ కింద పొగ చూసి, కాలుతున్న టెర్మినల్‌ను చేతికి తువ్వాలు చుట్టుకుని ఊడబెరికాను. ఇంకో రెండు నిమిషాలు ఆలస్యమైతే జీపు అక్కడే మిగిలేది. రెండు కొసల్లోనూ బ్యాటరీ ఉన్న తీగకు రెండు కొసల్లోనూ ఫ్యూజు ఉండాలి, టెర్మినల్‌కు జానెడు దూరం దాటకుండా. రేకులోంచి తీగ దూరే ప్రతి చోటా రంధ్రం అంచుకు తొడిగే రబ్బరు గ్రోమెట్, పొడవునా ముడతల గొట్టం వేయించండి.

వించ్ గురించి చెప్పాల్సింది తక్కువే. బరువు లాగేటప్పుడు అది 300, 400 ఆంపియర్లు తీసుకుంటుంది. దాన్ని ఇంజను బ్యాటరీకే కలిపి, ఇంజను నడుస్తుండగా, కొద్దికొద్దిగా ఆగి ఆగి లాగాలి. చిన్న లిథియంకు కలిపితే దాని రక్షణ సర్క్యూటు వెంటనే తెంచేస్తుంది. ఒకచోట రెండు రాత్రులు ఆగే అలవాటుంటే ఆ డబ్బుతో వించ్‌కన్నా ముందు వంద వాట్ల సోలార్ పలక కొనుక్కోండి. మన ఎండకు రోజుకు 25, 30 ఆంపియర్ అవర్లు వస్తాయి, ఫ్రిజ్ తినేదాంట్లో సగానికి పైనే.

ఫ్రిజ్‌లో వోల్టేజీ తగ్గితే తానే ఆగిపోయే ఏర్పాటు దాదాపు అన్నింటికీ ఉంటుంది, మూడు మెట్లుగా. లెడ్ యాసిడ్ పెట్టుకుంటే అన్నింటికన్నా పై మెట్టులో ఉంచండి. పాలు విరిగినా బ్యాటరీ మిగులుతుంది.

పని మొదలుపెట్టే రోజున విప్పేటప్పుడు ముందు మైనస్ విప్పించండి, బిగించేటప్పుడు మైనస్ చివర బిగించండి. వరస తప్పితే ప్లస్ మీదున్న పానా బాడీకి తగిలి అక్కడికక్కడే వెల్డింగ్ అయిపోతుంది. మెకానిక్ నవ్వినా సరే, పక్కన నిలబడి చూడండి.